సంబంధం చూపించాలి

ఈ కుర్చీ చేసినవాడెవడో గానీ, కూర్చున్నవాళ్ళు తొందరగా లేచి పోవాలన్న ఉద్దేశంతోనే చేసి ఉంటాడు. వెనక్కి వాలితే జారుతుంది, ముందుకి వంగితే కిర్రుమంటుంది. కిర్రుమన్నప్పుడల్లా గాజు తలుపు అవతల కంప్యూటర్ ముందున్న ఆఫీసరమ్మ తలెత్తి నన్ను చూసి, ఇంకా కాలేదన్నట్టు చెయ్యి ఊపుతుంది, నేనేదో తొందరపెడుతున్నట్టు. నేనేం తొందరపెట్టడం లేదు తల్లీ, తొందరంతా కాలేజీ వాళ్ళది. సాయంత్రం వాళ్ళ ఆఫీసు తలుపులు మూసేలోపు, ఈవిడ ఫీజు మేము కడతాం అని మా కంపెనీ నుంచి ఉత్తరం అందాలి, అందకపోతే నా సీటు వరసలో నా వెనకున్న మనిషికి పోతుంది. ఆ మనిషెవరో నాకు తెలియదు. పొద్దున్నించీ ఆ మనిషిని తలుచుకుంటూనే ఉన్నాను, కచ్చితంగా నా వయసులో సగం ఉంటుంది, ఇంట్లో ఎవరో ఒకరు వెనకాల నిలబడి భుజం మీద చెయ్యేసి ఉంటారు, సీటు రాకపోయినా వచ్చే ఏడు చూద్దాంలే అంటారు. నాకు వచ్చే ఏడు మీద నమ్మకం లేదు. నలభై దాటినదానికి ఒకసారి ధైర్యం రావడమే గొప్ప, అది ప్రతి ఏడూ వస్తుందని ఎవరు చెప్పగలరు?

ఇంతకీ నా పనికీ నేను చదవబోయే చదువుకీ సంబంధం ఏమిటి? ఆ ప్రశ్న కోసమే ఇక్కడ కూర్చున్నాను. కంపెనీ నియమాల్లో స్పష్టంగా రాసి ఉంది, ఉద్యోగి చేసే పనికీ చదివే కోర్సుకీ సంబంధం చూపించాలి, అప్పుడే ఫీజు కంపెనీ భరిస్తుంది. మాది లిఫ్టుల కంపెనీ. ఊరంతా అపార్టుమెంట్లలో, ఆసుపత్రుల్లో, దుకాణాల్లో మావాళ్ళు బిగించిన లిఫ్టులే. అవి మధ్యలో ఆగిపోయినప్పుడు లోపల ఇరుక్కున్నవాళ్ళు గంట బొమ్మ ఉన్న బటన్ నొక్కుతారు, అది నా చెవిలో మోగుతుంది. హలో, వినపడుతోందా, ఎంతమంది ఉన్నారు, తలుపులు బలవంతంగా లాగకండి, మెకానిక్ బయల్దేరారు. అంతటితో నా డ్యూటీ అయిపోయినట్టే, కానీ అక్కడే మొదలవుతుంది కూడా, ఎందుకంటే మెకానిక్ వచ్చేదాకా ఆ మనిషిని మాటల్లో పెట్టాలి. ఏం మాటలు? ఏవైనా. ఇంటి దగ్గర ఎవరెవరున్నారు, పిల్లలేం చదువుతున్నారు, మోకాళ్ళ నొప్పి తగ్గిందా. ముక్కూమొహం తెలియని జనం కష్టసుఖాలన్నీ నా దగ్గరున్నాయి, మా పక్క వాటాలో ఉండేవాళ్ళ పేరు మాత్రం ఇప్పటికీ తెలియదు. తలుపు తెరుచుకోగానే ఒక్కరూ నాకు చెప్పి వెళ్ళరు, వెళ్ళాలని గుర్తు కూడా ఉండదు, పాపం ఎందుకుంటుంది. లైను ఇంకా తెగదు. బయట ఎదురుచూస్తున్నవాళ్ళ గొంతులు వినపడతాయి, భయపడ్డావా, ఏడ్చావా, నీళ్ళు తాగు, అబ్బ చెమటలు చూడు అని. ఆ గొంతులు దూరమైపోతాయి. అప్పుడు లైను కట్ చేస్తాను, ఒక్కోసారి వెంటనే చెయ్యను.

సంబంధం అన్న మాట ఎంత చెడ్డదో మొన్ననే తెలిసొచ్చింది. ఇదే ఆఫీసరమ్మ ఫోన్ చేసి, "మీ సంబంధం గురించి మాట్లాడాలి, ఎల్లుండి మధ్యాహ్నం పైకి రండి" అంది. నేను హెడ్‌సెట్ తీసి స్పీకర్‌లో వింటున్నాను, పక్క సీట్లో రేడియో ఉంది. ఆవిడకి ఆ పేరు నేను పెట్టింది కాదు, నేను చేరేసరికే ఉంది, నోట్లో నువ్వుగింజ నానదు. నేను సరేనండీ అని ఫోన్ పెట్టేలోపే లేచి నిలబడి, "అక్కకి సంబంధం వచ్చిందోయ్!" అని హాలంతా వినపడేలా ఒక్క కేక, ఫోన్లో ఆఫీసరమ్మ ఇంకేదో అంటున్నా ఆ గోలలో కలిసిపోయింది. ఇంకేముంది, టీ తాగే వేళకి పెళ్ళికొడుక్కి ఉద్యోగం కూడా వచ్చేసింది, ఎవరో హెచ్చార్‌లో పనిచేసే ఆయన అన్నయ్యట, భార్య పోయిందట, మంచివాడట. నాకు కోపం రావాలి. రాలేదు. ఏమేవ్ నోరు మూసుకో, అది చదువు సంబంధమే, పెళ్ళి సంబంధం కాదు అని ఒక్క మాట చెబితే అయిపోయేది, చెప్పలేదు. అందరూ వచ్చి నవ్వుతూ చెయ్యి పట్టుకుంటున్నారు, ఎప్పుడూ పలకరించని ఎకౌంట్స్ వాళ్ళు కూడా వచ్చి అక్కా మాకు చెప్పనేలేదు అంటున్నారు, నా చెయ్యి ఎవరైనా అలా పట్టుకుని ఎన్నాళ్ళయిందో. సాయంత్రం దాకా ఊరుకున్నాను. సాయంత్రం నిజం చెప్పాక ఒక్కొక్కరూ ఓ అదా అన్నారు, ఆ ఓ అదా దగ్గర నా చదువు ఎంత చిన్నదైపోయిందో నాకు తెలుసు. రేడియో మాత్రం నన్ను తిట్టింది, ముందే చెప్పొచ్చు కదా, నేను చీర కూడా ఏది కట్టుకోవాలో అనుకున్నాను అని.

అమ్మ ఉండి ఈ సంగతి విని ఉంటే పడీపడీ నవ్వేది. నవ్వి, ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకునేది, నవ్వొచ్చి తుడుచుకుంటున్నానని బుకాయించేది. అమ్మ నోట సంబంధం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండేది ఒకప్పుడు. ఫలానావాళ్ళు ఒక సంబంధం చెప్పారే, వెళ్ళి చూసొస్తే తప్పేంటే, చెవిలో జోరీగలా. వచ్చినవాళ్ళు చూసి వెళ్ళేవారు, ఏ కబురూ పెట్టేవారు కాదు, తర్వాత్తర్వాత వచ్చేవాళ్ళే తగ్గిపోయారు, తర్వాత అమ్మే ఆ మాట ఎత్తడం మానేసింది, ఆ మానెయ్యడమే అన్నిటికంటే ఎక్కువగా నొప్పి పెట్టింది. అమ్మ మంచాన పడ్డాక నేను ఆవిడకి, ఆవిడ నాకు, ఇద్దరికీ సరిపోయేది. ఇప్పుడు తాళం తీసి లోపలికి వెళ్తూ వచ్చానమ్మా అంటాను. అలవాటు. అని, ఒక్క క్షణం ఆగి, చెప్పులు విప్పుతాను. ఒంటికాయ శొంఠికొమ్ములా బతకడం అని అందరూ తేలిగ్గా అనేస్తారు, శొంఠికొమ్ముకి సాయంత్రాలుండవు, నాకుంటాయి. పగలంతా మాట్లాడి మాట్లాడి వచ్చిన గొంతు ఇంట్లో కూరలు తరుగుతూ ఒక్కసారి కూడా పనిలో పడకపోతే, పొద్దున్నకి బొంగురుపోయి ఉంటుంది. ఎవరైనా నమ్ముతారా, వాడకపోతే కూడా గొంతు పోతుంది.

మళ్ళీ కిర్రుమంది. మళ్ళీ చెయ్యి ఊపింది. ఊపమ్మా ఊపు. నా చేతిలో కాగితం చెమటకి మెత్తబడిపోయింది, జవాబు రాసుకొచ్చాను, రెండు రోజులుగా అద్దం ముందు వల్లిస్తున్నాను. అయ్యా, అమ్మా, ఆపదలో ఉన్నవారితో మాట్లాడటం మా విభాగం ముఖ్య విధి కనుక, మనస్తత్వ శాస్త్రం చదవడం వల్ల వినియోగదారుల సంతృప్తి పెరుగుతుంది. ఛీ, ఈ వాక్యం నాది కాదు, రేడియో వాళ్ళబ్బాయి రాసిచ్చాడు. సంతృప్తి ఏమిటి నా మొహం, లిఫ్టులో ఇరుక్కున్నవాడికి సంతృప్తి ఏమిటి? కానీ అలాగే రాయాలట, అలా రాస్తేనే డబ్బులిస్తారట. సాయాలు ఇచ్చే ప్రతి చోటా ఒక భాష ఉంటుందని కాళ్ళరిగేలా తిరిగాక తెలిసింది. ప్రభుత్వం వారి ఉపకారవేతనం కౌంటర్ దగ్గరున్నతను నా వయసు చూసి, "పిల్లకా అమ్మా, మీకా?" అని అడిగాడు, నాకేనంటే పాపం చాలా మర్యాదగా వయసు దాటిపోయిందన్నాడు. ఒక ధర్మసంస్థ అనాథలకి ఫీజులు కడుతుందని విని వెళ్ళాను. అమ్మా నాన్నా లేరండీ అన్నాను. అక్కడి పెద్దావిడ నవ్వింది, చెడ్డ నవ్వు కాదు, నాకూ నవ్వొచ్చింది, ఇద్దరం బాగా నవ్వుకున్నాం, బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాక మటుకు ఏడుపొచ్చింది. అనాథ అవ్వడానికి కూడా వయసు దాటిపోయింది. బ్యాంకులో విద్యారుణం అడిగితే, తోడుగా ఎవరు సంతకం పెడతారు, నాన్నగారా, మీవారా అన్నాడు. ఇద్దరూ లేరంటే కలం మూత పెట్టేశాడు. అందుకే కంపెనీ పథకం గోడమీద అంటించగానే ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అందులో ఎవరినీ తీసుకురమ్మని లేదు, నువ్వూ నీ పనీ నీ చదువూ, అంతే, సంబంధం చూపించు చాలు అంది.

నిజమైన సంబంధం ఆ అమ్మాయి. ఆ మాట ఈ గాజు గదిలో ఎలా చెప్పను? ఒకరోజు లిఫ్టులోంచి బటన్ నొక్కింది, గొంతు సన్నగా ఉంది, ఒక్కతే ఉంది లోపల, ఎన్నో అంతస్తు దగ్గర ఆగిందో తెలియదంది. భయపడకండి, మా మెకానిక్ పక్క వీధిలోనే ఉన్నారు, ఇట్టే వచ్చేస్తారు అన్నాను. అందరికీ చెప్పినట్టే చెప్పాను, అందరూ హమ్మయ్య అంటారు ఆ మాటకి. ఆ అమ్మాయి, "వద్దండీ, అప్పుడే పంపకండి" అంది. నాకు అర్థం కాలేదు. "కాసేపు ఇలాగే ఉండనివ్వండి, ఇక్కడికైతే ఎవరూ రాలేరు" అంది. ఇన్నేళ్ళ సర్వీసులో నా నోట మాట రాకపోవడం అదే మొదలు. మాటలే నా పని, మాటలకే నాకు జీతం, ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఎవరి నుంచమ్మా అని అడగాలా, అడిగితే భయపడుతుందా, అడక్కపోతే ఎలా, ఏదీ తేలక, మెకానిక్ బయల్దేరారండీ అని మళ్ళీ అదే అన్నాను, చిలకలా అన్నాను. తర్వాత తలుపు తెరిచిన చప్పుడు. బయట ఏ గొంతూ లేదు, భయపడ్డావా అని అడిగినవాళ్ళు లేరు. అడుగుల చప్పుడు కూడా మెల్లగా వెళ్ళింది, వెళ్ళాలని లేనివాళ్ళ నడకలా. ఆ మెకానిక్‌ని అడిగాను తర్వాత, ఎలా ఉంది బాబాయ్ ఆ అమ్మాయి అని, ఆయన, "దణ్ణం పెట్టి వెళ్ళిపోయిందమ్మా, మొహం చూడలేదు" అన్నాడు. అలాంటి పిల్ల మళ్ళీ బటన్ నొక్కితే ఏం చెప్పాలో నాకు తెలియాలి. దానికి చదువుంటుందని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. ఇదీ సంబంధం. వినియోగదారుల సంతృప్తి కాదు.

గాజు తలుపు తెరుచుకుని, "రండమ్మా" అంది ఆఫీసరమ్మ. లేచేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. లోపల చల్లగా ఉంది, బల్ల మీద చిన్న కుండీలో ప్లాస్టిక్ మొక్క, నిజం మొక్కకి పోసినట్టు దాని చుట్టూ నీళ్ళ మరక. నేను కాగితం విప్పి గొంతు సవరించుకున్నాను. ఆపదలో ఉన్నవారితో మాట్లాడటం మా విభాగం, అన్నాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "అయ్యో, అదెప్పుడో అయిపోయింది. మీ కోర్సు, మీ పని, సరిపోతుందని కమిటీ మొన్ననే ఒప్పేసుకుంది. దాని గురించే ఫోన్ చేశాను, మీరు వినలేదా?" అంది. నాకు కూర్చోవాలో నవ్వాలో తెలియలేదు. రెండు రోజుల అద్దం, రేడియో వాళ్ళబ్బాయి, చెమట. "ఇదొక్కటే మిగిలింది" అని ఆవిడ కాగితం నా వైపు తిప్పింది. చదువయ్యాక రెండేళ్ళు ఇక్కడే పనిచెయ్యాలి, మధ్యలో మానేస్తే ఫీజు తిరిగి కట్టాలి, ఆ మాటకి ఒక హామీదారు కావాలి. కింద గీత. హామీదారు సంతకం. దాని కింద మరో గీత. అభ్యర్థితో సంబంధం. "ఎవరైనా పర్లేదండీ, ఇంట్లోవాళ్ళు, లేకపోతే మన కంపెనీలోనే పర్మనెంటువాళ్ళు. ఇప్పుడే కావాలి మరి, ఇది లేకుండా ఉత్తరం వెళ్ళదు."

బ్యాంకువాడి కలం మూతే కళ్ళముందు కనపడింది. ఒక్క నిమిషమండీ అని బయటికొచ్చి అన్నయ్యకి ఫోన్ చేశాను. అన్నయ్య చెడ్డవాడు కాదు, అమ్మ పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చాడు, నెలకోసారి ఫోన్ చేసి తిన్నావా అంటాడు. ఊళ్ళో లేకపోతేనేం, కాగితం ఫోన్లో పంపితే సంతకం పెట్టి తిరిగి పంపొచ్చు. అంతా విని, "ఇప్పుడు చదువేంటే?" అన్నాడు. నేను చెప్పాను. "సంతకాల విషయం కదా, మీ వదినని ఒక మాట అడిగి రేపు చెప్తాను" అన్నాడు. ఇవాళే కావాలన్నయ్యా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. లైన్లో ఎవరైనా ఏమీ అనకుండా ఉంటే అది ఎలాంటి మౌనమో నాకు వెంటనే తెలిసిపోతుంది, అది నా వృత్తి. సర్లే అన్నయ్యా, పర్లేదు అని నేనే పెట్టేశాను. తర్వాత ఫోన్లో పేర్లన్నీ కిందికి జరుపుతూ పోయాను. గ్యాస్, ఇంటివాళ్ళు, అమ్మ డాక్టరు, అమ్మ. అమ్మ నంబరు తీసెయ్యలేదు. రేడియోది ఇన్నేళ్ళయినా కాంట్రాక్టు ఉద్యోగమే, పర్మనెంటు కాలేదు. ఇన్ని గొంతులతో బతికినదాన్ని, సంతకం పెట్టే చెయ్యి ఒక్కటి లేకుండా ఎలా తయారయ్యానో నాకే ఆశ్చర్యమేసింది. ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

మెకానిక్ బాబాయ్ పర్మనెంటే, కానీ ఆయన నంబరు నా ఫోన్లో లేదు, డ్యూటీ లైన్లోనే మాట్లాడుకుంటాం, ఏళ్ళ తరబడి రోజూ, మొహాలు మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు. వర్క్‌షాపు ఊరి ఆ చివర ఉంది. అడగడానికి ఏ హక్కుందని? కింద మా సీటుకి ఫోన్ చేసి, బాబాయ్‌కి లైను కలపమని రేడియోకి చెప్పాను. ఆయన, "ఎన్నో అంతస్తమ్మా?" అన్నాడు ముందుగా. ఎవరూ ఇరుక్కోలేదు బాబాయ్, నేనే అన్నాను. చెప్పాను. "పక్క ఆసుపత్రిలోనే ఉన్నా, తాళ్ళకి నూనె పెడుతున్నా. చెయ్యి కడుక్కుని వస్తా" అన్నాడు, ఎందుకూ ఏమిటీ అని ఒక్క ప్రశ్న లేదు. వచ్చిన మనిషి నేననుకున్నంత పొడుగు లేడు, నెత్తిన నెరిసిన క్రాఫు, చేతులు కడిగినా గోళ్ళలో నలుపు. నన్ను చూసి, "గొంతు విని లావుగా ఉంటావనుకున్నానే" అన్నాడు. నేను, మీరు పొడుగనుకున్నాను అన్నాను. అంతటితో పరిచయాలు అయిపోయాయి. లోపలికి వెళ్ళి, ఇదుగో మా బాబాయ్ అండీ అన్నాను, అలవాటుగా. ఆఫీసరమ్మ కలం పట్టుకుని, "బాబాయ్ అంటే, నాన్నగారి తమ్ముడా, పిన్నిగారి భర్తా?" అంది. నేను "పిన్నిగారి భర్త" అన్నాను. అదే క్షణంలో ఆయన "వాళ్ళ నాన్న తమ్ముణ్ణి" అన్నాడు. ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, ఆయన చొక్కా జేబు మీద మా కంపెనీ ముద్ర చూసింది. పెదవులు బిగించి నవ్వు ఆపుకుని, "సహోద్యోగి అని రాస్తాను, అది సరిపోతుంది. ఎందుకు చెప్పండి మీకీ చుట్టరికాలు" అంది. బాబాయ్ సంతకం పెట్టాడు. పెడుతుండగానే జేబులో ఫోన్ మోగింది, ఎక్కడో ఎవరో ఇరుక్కున్నారు. నిలబడి నాలుగు మాటలు మాట్లాడాలని ఉంది నాకు. "బాగా చదువుకోమ్మా" అని మెట్ల మీదుగా పరిగెత్తాడు, మా కంపెనీలో లిఫ్టు ఎక్కని మనిషి ఆయనొక్కడే.

ఉత్తరం నా కళ్ళెదుటే కాలేజీకి వెళ్ళింది, అందింది అని జవాబు కూడా వచ్చింది. సీటు నాదే. కిందికొచ్చేసరికి రేడియో డ్యూటీ అయిపోయి వెళ్ళిపోయింది, ఆవిడ కుర్చీలో కూర్చున్న కొత్తమనిషి నన్ను ఎరగదు. అన్నయ్య దగ్గర్నించి మెసేజ్, వదిన వచ్చే నెల చూద్దామంటోంది అని. సరే అని రాశాను. హెడ్‌సెట్ పెట్టుకున్నాను. నాకు సీటొచ్చింది. లోపల ఎక్కడో పొంగుతోంది, ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడేట్టు లేదు, ఆ హాలులో అటూ ఇటూ చూశాను, అందరూ ఎవరి చెవిలోవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. అంత సంతోషంలో అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. అప్పుడు గంట మోగింది. ఎవరో పెద్దావిడ, ఒక్కతే, చేతిలో సంచులున్నట్టున్నాయి, కవర్ల చప్పుడు వస్తోంది. ఎప్పుడూ అడిగేవన్నీ అడిగాను, మెకానిక్ బయల్దేరారని చెప్పాను. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చి, "నాకు దడగా ఉందమ్మా, నన్నేమీ అడక్కు, నువ్వే ఏదో ఒకటి మాట్లాడు" అంది. సొంత విషయాలు మాట్లాడకూడదని మాకు నియమం.

"నాకివాళ సీటొచ్చిందండీ" అన్నాను.

"ఏం సీటు, బస్సులోనా?"

"కాదండీ, కాలేజీలో."

"ఎవరికి, మీ పిల్లకా?"

"నాకేనండీ."

సంచులు కింద పెట్టిన చప్పుడు.

"అబ్బో" అందావిడ. "మరి ఇంట్లోవాళ్ళేమన్నారు?"

"ఇంకా ఎవరికీ చెప్పలేదండీ. ముందుగా మీకే చెబుతున్నాను."

ఆవిడ లిఫ్టు గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చోవడం వినపడింది.

"అయితే మొదట్నించీ చెప్పు" అంది. "నేనిప్పుడు ఎక్కడికి పోతాను?"